పేరు అడిగిన పెట్టె

మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఇరుక్కుపోయాను. మూడో అంతస్తు దాటాక, నాలుగోది రాకముందు కరెంటు పోయింది. ఇరవై నిమిషాలు. ఇంటికొచ్చి మా ఆవిడకు నలభై అని చెప్పాను. సాయంత్రం నడకలో స్నేహితుల దగ్గరికి వచ్చేసరికి అది గంటన్నర అయింది. నా నోట్లో పడిన సంగతి ఏదైనా కాస్త ఒళ్లు చేస్తుంది. అది నా గుణం కాదు, చిన్నప్పుడు నాకు పడిన శిక్ష. ఆ శిక్ష సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

లిఫ్టులో నాతోపాటు పై ఫ్లాటులో ఉండే ఎనిమిదో తరగతి అమ్మాయి ఉంది. భయపడి అలారం బొత్తం నొక్కింది. వాచ్‌మన్ గొంతు రావాల్సిన స్పీకర్లోంచి 'కీఁ... ర్ర్ర్... కీఁ...' అని చెవులు కోసే అరుపు వచ్చింది. ఆ పిల్ల చెవులు మూసుకుంది. నాకు నవ్వొచ్చింది.

"ఎందుకు నవ్వుతున్నరు అంకుల్?"

"ఈ చప్పుడే మా తాత గొంతును మింగింది."

ఆ అమ్మాయి నాకు ఒక అడుగు దూరం జరిగింది. లిఫ్టులో అంతకంటే దూరం లేదు. అందుకని కథ వినక తప్పలేదు.

మా ఇల్లు మట్టెవాడలో ఉండేది. ముందు, మేము బాపు అని పిలిచే నాన్న కిరాణ దుకాణం, వెనుక మేము, రెంటికీ నడుమ అర్ర. అర్ర అంటే సామాన్ల గది, కిటికీ ఉండదు. చింతపండు తట్టలు, ఎండుమిర్చి బస్తాలు, బెల్లం దిమ్మలు, మూలకు గ్యాసునూనె అనే కిరోసిన్ డబ్బా. లోపలికి అడుగు పెట్టగానే మొదట తుమ్ము వచ్చేది, తర్వాత నోరూరేది, ఆ తర్వాత తల తిరిగేది. ఎప్పుడూ అదే వరుస. టీవీ కూడా అక్కడే ఉండేది. ముందు గదిలో గిరాకీ, నడిమింట్లో దేవుడు, వంటింట్లో పొగ, అందుకని టీవీకి అర్రే దక్కింది. ఆదివారం సాయంత్రం వాడకట్టంతా వచ్చి మిర్చి బస్తాల మీద కూర్చుని సినిమా చూసేది. నవ్వుల సినిమా అయినా సరే, అందరి కళ్లలో నీళ్లే.

బాపు తమ్ముడు, మా కాక, దుబాయిలో పని చేసేవాడు. ఒక ఎండాకాలం సెలవుకు వచ్చినప్పుడు పులిబొమ్మ రగ్గులో చుట్టి ఒక పెట్టె తెచ్చాడు. రగ్గు విప్పగానే ముందు అత్తరు వాసన, దాని వెనుక ఎప్పుడూ ఎరగని ప్లాస్టిక్ వాసన. చూస్తే టైపు మిషనే, కాకపోతే పై సగం లేదు.

"కాయిదం ఏడ పెట్టాలెరా?" అని అడిగాడు బాపు.

"కాయిదం ఉండదన్నా. టీవీకి తలిగియ్యాలె. ఇది కంప్యూటర్."

"ఏం చేస్తది?"

"ఏది చెప్తే అది చేస్తది."

"నువ్వు ఏమన్న చెప్పి చూసినవా?"

కాక తల గోక్కున్నాడు. "మా శేట్ కొడుకు పాతదైందని పారేస్తాంటే అడిగి తెచ్చిన. నాకేం తెల్సన్నా? పిలగాడు నేర్సుకుంటడు. రేపొద్దున లోకమంత దీంట్లనే ఉంటదట."

నాయినమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు. "లోకమంత దాంట్లుంటే మనమేడుండాలెరా మరి?" అంది.

మిగతా లోకం సంగతేమో గానీ, నేను మాత్రం అర్రలో ఉండాల్సి వచ్చింది. కాక తిరిగి పోతూ పోతూ బాపు చెవిలో ఏం ఊదాడో తెలియదు. వానాకాలం బడులు తెరిచిన నాటి నుంచి, నేను బడినుంచి రాగానే బాపు నన్ను అర్రలోకి తోలి బయట గొళ్లెం పెట్టేవాడు. "వాడకట్టు పోరగాండ్లు వచ్చి ఆగం చేస్తరు" అని పైకి చెప్పేవాడు. అసలు సంగతి అది కాదు. ఒకసారి తలుపు బాదితే నిజం చెప్పాడు. "నేర్సుకున్నదాక ఇడ్సిపెట్ట బిడ్డా. మీ తాత నన్ను తరాజు పట్టుకొని నిలబెట్టిండు, ఆరో తరగతి నుంచి అట్లనే నిలబడ్డ. నువ్వన్న కూసోని బతుకు."

కూర్చున్నాను. దీపం పెట్టే వేళదాకా నేనూ టీవీ మిర్చి బస్తాలూ. గోడ అవతల గల్లీలో గోలీలాట. గోలీకి గోలీ తగిలిన 'టక్' విని అది ఎవడి గోలీనో చెప్పగలిగేంత పాండిత్యం నాకు ఆ గదిలోనే వచ్చింది. కంప్యూటర్ పాండిత్యం మాత్రం నిదానంగా వచ్చింది.

పెట్టెతోపాటు ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. అందులో ఉన్నది ఉన్నట్టు కొట్టాలి. ప్రతి వరుసకూ నంబరు. పది, ఇరవై, ముప్పై. వరుసకో హుకుం. ఒక చుక్క తప్పినా పెట్టె మొండికేసేది. ఎక్కడ తప్పిందో చెప్పేది కాదు, తప్పు అని మాత్రం చెప్పేది, అచ్చం మా లెక్కల సారులాగా. బెల్లం నాకిన వేళ్లతో కొట్టేవాణ్ని కాబట్టి మీటల సందుల్లోకి చీమలు దిగాయి. ఒకనాడు నేను చేతులు కట్టుకుని కూర్చుంటే చీమలే నడుచుకుంటూ ఒక వరుస కొట్టాయని బడిలో చెప్పాను. నా వరుసల్లో కంటే వాటి వరుసలో తక్కువ తప్పులున్నాయని కూడా చెప్పాను. నమ్మినవాళ్లు నమ్మారు. ఒకడైతే మరునాడు తన నోటుపుస్తకం మీద బెల్లం రాసి తెచ్చాడు.

కానీ నిజంగా ఏడిపించింది చీమలు కాదు, కరెంటు. ఆ పెట్టెకు జ్ఞాపకం కరెంటు ఉన్నంతసేపే. రెండు గంటలు వంగి కూర్చుని కొట్టింది బల్బు ఆరగానే మాయం. మళ్లీ పదో వరుస నుంచి మొదలు. ఆ వానాకాలం కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోయేదో లెక్క లేదు. బయట ఇంకా వెలుతురే ఉండేది. నా గదిలో మాత్రం చిమ్మచీకటి, మిర్చి ఘాటు, బయట గొళ్లెం. చేతులు మీటల మీద పెట్టుకుని, పోయిందంతా మళ్లీ మనసులో చదువుకుంటూ కూర్చునేవాణ్ని. అలాంటప్పుడు అక్క ఒక్కతే వచ్చేది. తలుపు కింది సందులోంచి కాగితం మీద సర్వపిండి అనే బియ్యప్పిండి రొట్టె ముక్క తోసేది.

"తమ్మీ, బతికే ఉన్నవా?"

"సగం."

"ఏ సగం?"

"తినే సగం."

కొట్టింది పోకుండా ఉండటానికి పుస్తకంలో ఒక ఉపాయం చెప్పారు. పెట్టెకూ టేప్ రికార్డరుకూ తీగ కలిపి రికార్డు మీట నొక్కాలి. అప్పుడు మనం కొట్టిందంతా ఒక అరుపుగా మారి క్యాసెట్‌లోకి పోతుంది. మళ్లీ ఆ అరుపును వినిపిస్తే పెట్టెకు అన్నీ యాదికొస్తాయి. లిఫ్టు స్పీకరు అరిచింది అలాగే. కాక ఇచ్చిన ఒకే ఒక్క ఖాళీ క్యాసెట్‌ను మా టేప్ రికార్డరు మొదటి వారంలోనే నమిలి ఉమ్మేసింది. ఇంట్లో ఉన్న మిగతా క్యాసెట్లు ఖాళీవి కావు. పాటలవీ కావు.

ఉత్తరాలు. ఆ రోజుల్లో దుబాయి వెళ్లినవాళ్లున్న ఇళ్లలో ఉత్తరం రాయడం తక్కువ, మాట్లాడటం ఎక్కువ. చదువు రానివాళ్లకు అదే సుఖం. టేప్ రికార్డరు ముందు ఇల్లంతా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడి, సెలవుకు వచ్చి పోయే ఊరివాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చేవాళ్లు. అక్కడివాళ్లు విని, వాళ్ల మాటలు ఇంకో క్యాసెట్‌లో పంపేవాళ్లు. మా రేకు పెట్టెలో అలాంటివి పదో పన్నెండో ఉండేవి. వాటిలో ఒకదాని మీద మాత్రం నాయినమ్మ కుంకుమ బొట్టు పెట్టింది. అది తాత మాట్లాడిన క్యాసెట్. తాత పోయాక కాక దాన్ని తిరిగి తెచ్చి నాయినమ్మ చేతిలో పెట్టాడు. తాత పోయి అప్పటికి మూడేళ్లు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తాత నాయినమ్మను పేరు పెట్టి పిలవడు. నాయినమ్మ తాత పేరు నోట పలకదు. 'ఇగో', 'ఓయ్', 'ఇంటాన్నవా', 'మీ బాపుకు చెప్పు', 'మీ అవ్వనడుగు' - ఈ అయిదారు మాటలతోనే నలభై ఏళ్ల సంసారం నడిచింది. ఆమె పేరేమిటో అక్కకూ నాకూ తెలియదు. ఆ క్యాసెట్ వల్లే తెలిసింది. టేపు ఇంకా మొదలు కాలేదనుకుని తాత అందులో ఆమెను పేరు పెట్టి పిలిచాడు. "ఎర్ర లైటు పడ్డదా? పడలె" అని గొణుక్కుని, గట్టిగా ఆ పేరు పిలిచి, "జర ఇటు రా, నీ కొడుకు ఇంటడట, మాట్లాడు" అన్నాడు. వంటింట్లోంచి గాజుల గలగల, "ఆఁ" అని ఆమె పలుకు. వెంటనే తాత, "అగో! ఇది నడుస్తనే ఉన్నదా!" అని కంగారు. ఆ తర్వాత అంతా మామూలే. వానలు, మిర్చి, బర్రె దూడ, ఫికర్ చెయ్యకు.

ఏటా పెత్రమాస నాడు, అంటే పితృ అమావాస్యకు, పోయిన పెద్దల పేరిట బియ్యం ఇచ్చాక, ఆ క్యాసెట్ పెట్టేవాళ్లు. నాయినమ్మ టేప్ రికార్డరుకు కొత్త బ్యాటరీ సెల్లు తెప్పించి ముందు రోజు ఎండలో పెట్టేది. విన్నాక వెనక్కి తిప్పించి దాచేది. ఏడాదికి ఒక్కసారే. "ఊకె ఇంటే అరుగుతది" అనేది.

ఆ పెత్రమాసకే చుట్టాలందరి ముందూ నా విద్య చూపిస్తానని బాపు చాటింపు వేసేశాడు. దానికి కొంత నేనే కారణం. ఆ పెట్టె ఎవరినైనా పలకరిస్తుందని, తెర మీద వాళ్ల పేరు రాస్తుందని నేనే కోతలు కోశాను. కోసినదాన్ని నిజం చేయక తప్పదు కదా. పుస్తకంలోని రెండు మూడు పాఠాలు అతికించి పెద్ద ప్రోగ్రాం తయారుచేశాను. ముందు తెర చుట్టూ పూల అంచు. తర్వాత పేరు అడగడం. తర్వాత ఆ పేరు రాయడం. చివరి వరుసలో 'మళ్లీ వెనక్కి పోయి రాయి' అనే హుకుం. కరెంటు దాన్ని నా దగ్గరినుంచి నాలుగుసార్లు లాక్కుంది. అయిదోసారి, పెత్రమాస పది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం పూర్తయింది. బడికి సెలవు. అక్క తోసిన సర్వపిండి పక్కనే ఉంది.

అప్పుడు బల్బు ఎర్రబడింది. మా వాడలో కరెంటు ఒక్కసారే పోయేది కాదు, బల్బు పండుమిరపకాయలా ఎర్రగా అయి, రెండు మూడు నిమిషాలు గుడ్లురిమి, అప్పుడు పోయేది. తలుపు బాదాను. "బాపూ! ఒక్క క్యాసెట్టు! ఒక్కటే!" దుకాణంలో ఎవరితోనో పెసర్ల రకం మీద వాదన నడుస్తోంది. ఎవరూ రాలేదు. అక్కడే అటక మీదున్న రేకు పెట్టెలో చెయ్యి పెట్టి, తగిలిన క్యాసెట్ లాగి, రికార్డు మీట నొక్కాను. దిగలేదు.

క్యాసెట్ అంచున చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఆ క్యాసెట్ మీద మళ్లీ రికార్డు కాదు. దీని పలుకు విరిగి ఉంది. ఆ కంతలో ఏదైనా దూర్చితే మీట దిగుతుందని నాకు తెలుసు. సర్వపిండి ముక్క కొరికి, నమిలి, ఉండ చేసి, కంతలో నొక్కాను. మీట దిగింది.

ఎర్ర వెలుతురులో ఎర్ర బొట్టు కనపడలేదని అందరికీ చెప్పాను. అది నిజమే. కానీ పలుకు విరిగి ఉందంటే దాన్నెవరో చెరిగిపోకుండా దాచుకున్నారని అర్థం. అది కనపడకపోలేదు. దాని గురించి ఆలోచించే తీరిక లేదనుకున్నాను, అంతే.

పెట్టె తన అరుపు పూర్తి చేసింది, బల్బు ఆరిపోయింది. నేను గెలిచాను. ఆ చీకట్లో మిర్చి బస్తాల మీద ఎగిరి గంతులేశాను. టీవీ పోయింది, పెట్టె పోయింది, టేప్ రికార్డరు మాత్రం సెల్లతో నడిచేది కదా, అది ఖాళీని రికార్డు చేసుకుంటూ తిరుగుతూనే ఉంది. మూడు నాలుగు నిమిషాల తర్వాత గుర్తొచ్చి ఆపాను.

సాయంత్రం కరెంటు వచ్చాక, ఎక్కిందో లేదో చూద్దామని వెనక్కి తిప్పి పెట్టాను. కీఁ... ర్ర్ర్... అమ్మయ్య అనుకున్నాను. అరుపు ఆగింది. తర్వాత ఖాళీ. ఆ ఖాళీ చాలాసేపు తిరిగింది. ఆపబోతుండగా, ఆ ఖాళీలోంచి ఒక ముసలి దగ్గు.

"...మిర్చి మంచిగనే ఉన్నది కొడకా, నువ్వు ఫికర్ చెయ్యకు..."

క్యాసెట్ తీసి వెలుతురులో చూశాను. బొట్టు.

తలుపు కింది సందు దగ్గర పడుకుని అక్కకు చెప్పాను.

"తాతను సంపినవు గదరా."

"తాత ముందే సచ్చిపోయిండు గదనే!"

"మళ్ల సంపినవు."

ఆ పది రోజులు ఎలా గడిచాయో చెప్పమంటే పెంచాల్సిన పనే లేదు. నన్ను బంధించేది ఒక్క గొళ్లెమే అనుకున్నన్నాళ్లు హాయిగా ఉన్నాను. ఇప్పుడు బాపు తలుపు తీసినా బయటికి రాబుద్ధి కాలేదు. బయట నాయినమ్మ ఉంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ, "పెత్రమాస ఎన్ని దినాలున్నది బిడ్డా?" అని నన్నే అడిగేది. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవాణ్ని. రోజుకో వేలు తగ్గింది.

అక్కకు ఒక ఆలోచన వచ్చింది. తాత మాటలు నాకు కంఠతా వచ్చు కాబట్టి నేనే తాతలా మాట్లాడి మళ్లీ రికార్డు చేయాలి, గాజుల గలగల తను ఇస్తుంది. ముందు కాక పంపిన వేరే క్యాసెట్ చివర మిగిలిన చోట చేసి చూశాం. నాకప్పుడు గొంతు మారుతున్న వయసు. విని చూస్తే తాత లేడు, బావిలో పడ్డ మేకపిల్ల ఒకటి దుబాయికి కబురు పంపుతోంది. అక్క నోట్లో చున్నీ కుక్కుకుని నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పెత్రమాస నాడు కరెంటు పోవాలని దేవుడికి మొక్కుకున్నాను. జీవితంలో మొదటిసారి అలా మొక్కుకున్నాక, టేప్ రికార్డరుకు కరెంటుతో పని లేదని గుర్తొచ్చింది. సెల్లు దాచేద్దామంటే, నాయినమ్మ అప్పటికే వాటిని తన కొంగున ముడి వేసుకుంది.

పెత్రమాస వచ్చింది. పొద్దున్నే ఇల్లంతా నువ్వుల వాసన, నూనెలో గారెల వాసన, గల్లీలో ఆడపిల్లలు బతుకమ్మ కోసం తెచ్చుకున్న తంగేడు పచ్చి వాసన. పురోహితుడు అయ్యగారు వచ్చి పీట మీద కూర్చున్నారు. ముందు పళ్లెంలో బియ్యం, పప్పు, బీరకాయ, చింతపండు. "పెద్దాయన పేరు?" అన్నారు. ఏటా అడుగుతారు, ఏటా నాయినమ్మ బాపు మోచేతిని పొడుస్తుంది. బాపు చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భోజనాలయ్యాక అందరూ అర్రలో చేరారు. ఇద్దరు మేనత్తలు, వాళ్ల పిల్లలు, అమ్మ, అక్క. నాయినమ్మ మధ్యలో బెల్లం దిమ్మ పక్కన కూర్చుంది. బాపు క్యాసెట్ పెట్టి మీట నొక్కాడు.

కీఁ... ర్ర్ర్...

పెద్దమేనత్త చెవులు మూసుకుంది. "ఏందిరా ఇది, పిల్లి తోక తొక్కినట్టు!" బాపు ఆపి, ఊది, కొంగుతో తుడవమని అమ్మకిచ్చి, మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే. ఈసారి ఆపలేదు. అరుపు అయిపోయింది. ఖాళీ మొదలైంది. నాయినమ్మ చెవి వెనుక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది. ఆ ఖాళీ తిరిగినంతసేపూ ఆమె అలాగే వంగి ఉంది. నేను నా కాలి బొటనవేలిని చూస్తున్నాను.

"...మిర్చి మంచిగనే ఉన్నది కొడకా..."

"అగో, వచ్చిండు!" అంది చిన్నమేనత్త.

నాయినమ్మ చెయ్యి తీయలేదు. "ఎర్ర లైటు మాట ఏడబోయింది?" అంది.

బాపు క్యాసెట్ బయటికి తీసి తిప్పి చూశాడు. కంతలోంచి గోటితో ఏదో గీకాడు. వాసన చూశాడు. "దీంట్ల సర్వపిండి ఎట్లొచ్చిందే?" అన్నాడు అమ్మతో. తర్వాత నెమ్మదిగా తల నా వైపు తిప్పాడు.

ఆ క్షణంలో నా నోరు తనంతట తానే తెరుచుకుంది. "పోలేదు నాయినమ్మా! తాత మాటలు యాడికి పోలేదు. క్యాసెట్టుల ఉంటే అరుగుతయని నేనే తాతను పెట్టెలకు ఎక్కిచ్చిన. ఆ చప్పుడు తాత మాటలే. కంప్యూటర్ భాషల మాట్లాడుతాండు."

అక్క కళ్లు మూసుకుంది. బాపు చెయ్యి సగం లేచి ఆగింది. కోపం ఒకవైపు, పదిమంది ముందు కొడుకు విద్య ఒకవైపు. "అయితే చూపెట్టు," అన్నాడు.

తీగలు కలిపాను. పెట్టె అరుపంతా తాగింది. మేనత్తలు తెర ముందు చేతులు జోడించారు. నడిపించమని మీట నొక్కాను. తెర చుట్టూ పూల అంచు ఒక్కొక్క పువ్వుగా అల్లుకుంది. "అబ్బ" అన్నారెవరో. పువ్వుల మధ్య ఇంగ్లీషులో ఒక వరుస వచ్చి ఆగింది. దాని పక్కన చిన్న గడి మిణుకుమిణుకుమంటోంది.

"ఏమంటాండురా?" అంది నాయినమ్మ.

ఇంకో అబద్ధం చెప్పి ఉండొచ్చు. వంద వచ్చేవి. ఎందుకో రాలేదు. "పేరు అడుగుతాంది."

"ఎవల పేరు?"

"ఎదురుంగ కూసున్నోళ్ల పేరు. నీ పేరు."

నాయినమ్మ తెరను చూసింది, నన్ను చూసింది.

"మీ తాతే అయితే నా పేరు నన్నెందుకు అడుగుతడురా?"

నేను ఏడ్చేశాను. బల్బు ఎర్రబడటం, తలుపు బాదడం, సర్వపిండి, పది రోజులు, అన్నీ ఒకదాని మీద ఒకటి కక్కేశాను. బాపు చెయ్యి ఈసారి పూర్తిగా లేచింది.

"ఆగురా" అంది నాయినమ్మ. "గొళ్లెం పెట్టినోనివి నువ్వు. పోరడు మొత్తుకుంటే ఇన్నవా?" చెయ్యి దిగింది. ఆమె తెర వైపు జరిగింది. "అడిగింది గదా. చెప్పాలె."

చెప్పింది. పెళ్లయి వచ్చాక ఆ ఇంట్లో ఆమె తన పేరు తానే చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను. గొంతు చిన్నపిల్ల బడిలో హాజరు చెప్పినట్టుంది. ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియక తోచిన అక్షరాలు కొట్టి, మీట నొక్కాను.

తెర నిండిపోయింది. పై నుంచి కింది దాకా అదే పేరు, వరుస మీద వరుస, కిందివి పైకి తోసుకుంటూ, పైవి మాయమవుతూ.

"ఇదంత ఏంది?"

"నీ పేరే నాయినమ్మా."

"అన్నీ?"

"అన్నీ."

ఆమె చదవలేదు. అయినా వేలు చాచి ఒక వరుసను పట్టుకోబోయింది. అది పైకి జారిపోయింది. ఇంకోదాన్ని పట్టుకోబోయింది. కొంచెంసేపు అలా ఆడింది. తర్వాత వేలు వెనక్కి తీసుకుంది.

"ఆయన ఒక్కపారి పిలిచిండు, పలికిన. ఇది గిట్ల ఊకె పిలిస్తే ఎవలు పలుకుతరు? ఆపు బిడ్డా."

ఆపే మీట బెల్లంతో బిగుసుకుపోయింది. ఎంత నొక్కినా దిగలేదు. ఆ పేరు పరిగెత్తుతూనే ఉంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందని, కరెంటు సమయానికి పోవడం ఆ ఒక్కసారే చూశానని నేను చాలామందికి చెప్పాను. నిజానికి బాపు లేచి స్విచ్ కట్టేశాడు.

చీకటి తెర ముందు నాయినమ్మ నా శిక్ష చెప్పింది. "మొదలు మాటలన్ని యాదికున్నయా?"

"ఉన్నయి."

"అయితే నువ్వే చెప్పు. ఏటేట చెప్పాలె. తాత దగ్గు వచ్చేదాక."

మిర్చి బస్తా మీద నిలబెట్టారు. టేపు వెనక్కి తిప్పి, ఖాళీ మొదలయ్యే చోట పెట్టారు. మేకపిల్ల గొంతుతోనే మొదలుపెట్టాను. "ఎర్ర లైటు పడ్డదా? పడలె..." ఆ పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. నాయినమ్మను పేరు పెట్టి ఎలా పిలవను? ఆ సందులో, గాజులు లేని చేతిని ఒకసారి విదిలించి, నాయినమ్మ పలికింది.

"ఆఁ."

నేను "అగో, ఇది నడుస్తనే ఉన్నదా!" అన్నాను. మేనత్తలు నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు. ఖాళీ అయిపోయి తాత దగ్గాడు.

ఆ మరునాటి నుంచి బాపు గొళ్లెం పెట్టలేదు. నేనే తలుపు మూసుకుని కూర్చునేవాణ్ని. పెట్టె మరో రెండేళ్లు బతికింది. చివరికి చీమలే గెలిచాయి.

పెత్రమాస పని మాత్రం వదల్లేదు. చదువుకున్నా, ఉద్యోగం వచ్చినా, పెళ్లయినా, ఆ రోజు వచ్చి బస్తా మీద నిలబడాల్సిందే. టేపులో ఖాళీ ఎక్కువ, నాకు వచ్చిన మాటలు తక్కువ, కాబట్టి ఏడాదికో మాట కలిపేవాణ్ని. ఒక ఏడు తాత తుమ్మాడు. ఇంకో ఏడు గిరాకీని తిట్టాడు. "ఆయన గట్ల అనలేదురా" అనేది నాయినమ్మ మొదట్లో. తర్వాత్తర్వాత అనడం మానేసింది. ఒక ఏడు నేను తుమ్ము మరిచిపోతే, "తుమ్మిండు గదా?" అని గుర్తు చేసింది. పేరు దగ్గర మాత్రం ఏమీ కలపలేదు. ఆగేవాణ్ని. ఆమె పలికేది.

ఇంతవరకు చెప్పేసరికి లిఫ్టు ఒక్క కుదుపుతో నాలుగో అంతస్తుకు చేరి తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి బయటికి గెంతి, తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టింది.

"నిజంగనా అంకుల్?"

"ఇరవై నిమిషాల్లో ఎంత నిజం పడుతుందో అంత."

"ఇంతకూ ఆమె పేరేంది?"

అది చెప్పే రోజు వేరే ఉందన్నాను. అది మాత్రం కోత కాదు. నాయినమ్మ పోయింది, ఆ తర్వాత బాపు. క్యాసెట్ బూజు పట్టి ముక్కలైంది. తాత అన్న మాటల్లో ఏవి తాతవో ఏవి నావో ఇప్పుడు అక్కకు కూడా తెలియదు. పెత్రమాస నాడు అయ్యగారు పీట మీద కూర్చుని, పళ్లెం ముందుకు జరుపుకుని, "పెద్దావిడ పేరు?" అని నన్నే అడుగుతారు. మోచెయ్యి పొడిచి ఇంకొకరితో చెప్పిద్దామంటే పక్కన బాపు లేడు.

ఒక్కసారే చెప్తాను. చెప్పాక, ఆమె 'ఆఁ' అనేంతసేపు ఆగుతాను.

అయ్యగారు నేనింకేదో చెప్తాననుకుని నా మొహం చూస్తారు.